నిర్మాణ ఒప్పందంలో స్పెసిఫికేషన్లు: రాయడం, సరిచూడడం, సైటులో అమలు చేయించడం

నక్షలో స్నానాలగది గోడ మీద ఒక బాణం గుర్తు, పక్కన "టైల్స్, 2100 ఎత్తు వరకు" అన్న చిన్న రాత ఉంటుంది. ఆ బాణం చెప్పేది అంతే. టైల్ వెనుక నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి అతికించాలా, గోడంతా అంటుపదార్థం పరిచి అతికించాలా? సందు ఎంత ఉండాలి, అందులో ఏం నింపాలి? టైల్ కింద వాటర్‌ప్రూఫింగ్ పూత ఉందా? ఉంటే అది ఆరిందని ఎవరు చూడాలి? గోడ వంకరగా ఉంటే సరిచేసే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ నక్ష జవాబు చెప్పదు. జవాబు రాతలో ఉండాలి. ఆ రాతే స్పెసిఫికేషన్.

ఎక్కడ, ఎంత, ఏ ఆకారంలో అన్నది నక్ష పని. ఏ పదార్థం, ఏ నాణ్యత, ఏ పద్ధతి, ఏ పరీక్ష అన్నది స్పెసిఫికేషన్ పని. పరిమాణాల పట్టిక ఆ పనిని కొలిచి ధర కడుతుంది. ఈ మూడింటిలో ఎక్కువ శ్రద్ధతో తయారయ్యేది నక్ష, ఎక్కువ తగాదాలు తెచ్చేది స్పెసిఫికేషన్. కారణం తెలిసిందే. చాలా కార్యాలయాల్లో అది పాత ప్రాజెక్టు ఫైలు నుంచి తీసి, పేరు మార్చి, టెండరుకు ముందు రాత్రి జతచేసే కాగితాల కట్ట.

ఈ మార్గదర్శి అంతటా ఒకే కొలబద్ద పట్టుకుంటాను. స్పెసిఫికేషన్‌లోని ప్రతి వాక్యాన్నీ సైటులో నిలబడిన మనిషి కొలతతోనో, కంటితోనో, కాగితంతోనో తేల్చగలగాలి. తేల్చలేని వాక్యం కోరిక అవుతుంది. కోరిక తీరలేదని బిల్లు ఆపలేం.

1. ముందు పత్రాల వరుస తేల్చండి

సంతకాల పత్రం, సాధారణ షరతులు, ప్రత్యేక షరతులు, నక్షలు, స్పెసిఫికేషన్లు, పరిమాణాల పట్టిక, టెండరు సమయంలో ఇచ్చిన వివరణలు, ఇవన్నీ కలిస్తేనే ఒప్పందం. వీటిని వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో తయారుచేస్తారు కాబట్టి ఎక్కడో ఒకచోట పొంతన తప్పుతుంది. నక్షలో తలుపు చట్రం చెక్క అని, స్పెసిఫికేషన్‌లో స్టీలు అని, పట్టికలో పదార్థం పేరే లేకుండా "తలుపు చట్రం" అని ఉంటుంది. కాంట్రాక్టర్ దేనికి ధర కట్టాడో ఆయనకే తెలియాలి.

దీనికి రెండు సంప్రదాయాలున్నాయి. అంతర్జాతీయ ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడే ఫిడిక్ (సలహా ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) నమూనా ఒప్పందం, ఎర్ర పుస్తకం (1999), పొంతన తప్పితే ఏ పత్రం మాట చెల్లుతుందో చెప్పే ప్రాధాన్య క్రమం ఇస్తుంది. అందులో ఒప్పంద పత్రం, ఆమోద లేఖ, టెండరు లేఖ, ప్రత్యేక షరతులు, సాధారణ షరతుల తర్వాత స్పెసిఫికేషన్, దాని తర్వాతే నక్షలు వస్తాయి. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ రూపొందించిన ఏ201 సాధారణ షరతుల దారి వేరు. పత్రాలన్నీ ఒకదానికొకటి పూరకాలని, ఒకదానిలో ఉన్నది అన్నిటిలో ఉన్నట్టే లెక్క అని అది చెబుతుంది.

నా ఓటు క్రమానికే. పనివాళ్లు ఎదురుచూస్తున్నప్పుడు పూరకాల గురించి చర్చించే ఓపిక ఎవరికీ ఉండదు. అయితే క్రమం రాసి ఊరుకుంటే చాలదు. పొంతన లేకపోవడం కనిపించిన వెంటనే కాంట్రాక్టర్ రాతపూర్వకంగా అడగాలి, యజమాని ప్రతినిధి ఇన్ని రోజుల్లో జవాబివ్వాలి, జవాబు వచ్చేవరకు ఆ భాగం పని మొదలుపెట్టకూడదు. ఈ మూడూ అదే పేరాలో చేర్చండి. ఎన్ని రోజులన్న చోట అంకె వేయండి. "సహేతుకమైన గడువు" అని రాస్తే ఆ గడువు ఎంతో తేల్చడానికి మరో తగాదా కావాలి.

2. చట్రం కట్టుకోండి

ఏ పని ఏ అధ్యాయంలో ఉంటుందో వెతకకుండా తెలియాలి. ఉత్తర అమెరికాలో స్పెసిఫికేషన్ అధ్యాయాలకు సంఖ్యలిచ్చే వర్గీకరణ మాస్టర్‌ఫార్మాట్ చాలాకాలం 16 విభాగాలతో నడిచి, 2004 కూర్పులో 50 విభాగాల చట్రంగా పెరిగింది. కాంక్రీటు 03, తేమ నుంచి, వేడి నుంచి రక్షణ 07, ముగింపు పనులు 09, ప్లంబింగ్ 22, విద్యుత్తు 26. మీ సంస్థ మరో వరుస వాడుకున్నా నష్టం లేదు. ప్రాజెక్టు మారినప్పుడల్లా వరుస మారకపోతే చాలు.

ఒక్కో అధ్యాయం లోపలి అమరికకు మాత్రం అక్కడ వాడే మూడు భాగాల పద్ధతి కన్నా మెరుగైనది నాకు కనిపించలేదు. మొదటి భాగంలో సాధారణ విషయాలు: ఈ అధ్యాయం పరిధి, సమర్పించాల్సిన కాగితాలు, నమూనాలు, నిల్వ, వారంటీ. రెండో భాగంలో పదార్థాలు. మూడో భాగంలో పని: పనికి ముందు ఉపరితల తనిఖీ, పనితీరు, అనుమతించే తేడాలు, పరీక్షలు, శుభ్రత, రక్షణ. కొనుగోళ్లు చూసే మనిషి రెండో భాగం తెరుస్తాడు, సైటు ఇంజనీరు మూడోది తెరుస్తాడు. ఎవరికి కావలసింది వారికి దొరుకుతుంది.

ఇక్కడొక నియమం ప్రాణప్రదం. ఒక విషయాన్ని ఒక్కచోటే చెప్పండి. టైల్ సందు 3 మి.మీ. అని స్పెసిఫికేషన్‌లో రాశాక నక్షలోనూ, పట్టికలోనూ మళ్లీ రాస్తే, రేపు దాన్ని 2 మి.మీ.కి మార్చినప్పుడు మూడుచోట్లా మార్చడం ఎవరికీ గుర్తుండదు. నక్షలో "టైల్ రకం 2" అని సంకేతం ఇస్తే చాలు, మిగతాది అధ్యాయం చెబుతుంది.

3. ఒక్కో పనికి ఏ దారిలో రాయాలో ఎంచుకోండి

దారులు నాలుగు. పద్ధతిని అడుగడుగునా వర్ణించడం. ఫలితాన్ని చెప్పి, ఎలా సాధించాలో కాంట్రాక్టర్‌కు వదలడం. ప్రచురితమైన ప్రమాణాన్ని పేర్కొనడం. తయారీదారు పేరు, మోడల్ చెప్పడం. ఒకే పుస్తకంలో నాలుగూ ఉండవచ్చు. ఒకే పనికి రెండు దారులు కలిస్తేనే ప్రమాదం.

ఎందుకో చెప్పే తీర్పు ఒకటి ఉంది. బ్రూక్లిన్ నౌకాదళ స్థావరంలో డ్రై డాక్ (ఓడను నిలిపి, నీరు తోడేసి మరమ్మతు చేసే గొయ్యి) కట్టే పని స్పియరిన్ అనే కాంట్రాక్టర్‌కు దక్కింది. దారికి అడ్డంగా ఉన్న ఇటుకల మురుగు కాలువను ఎలా మళ్లించాలో, ఎంత కొలతతో కట్టాలో ప్రభుత్వమే నక్షల్లో, స్పెసిఫికేషన్‌లో ఇచ్చింది. ఆయన అలాగే కట్టాడు. తర్వాత భారీ వర్షానికి సముద్రపు పోటు తోడై కాలువ పగిలి, తవ్విన గొయ్యి మునిగిపోయింది. నష్టం ఎవరిదన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1918లో కోర్టు చెప్పింది ఇది: యజమాని ఇచ్చిన నక్షల, స్పెసిఫికేషన్ల ప్రకారం కట్టాల్సిన బాధ్యత కాంట్రాక్టర్‌కు ఉన్నప్పుడు, వాటిలోని లోపాల ఫలితానికి ఆయన జవాబుదారీ కాడు. సైటును ముందే చూసుకోవాలి, నక్షలు సరిచూసుకోవాలి అనే మామూలు షరతులు కూడా ఆ బాధ్యతను యజమాని భుజం మీద నుంచి దించలేవు.

ఇది అమెరికా న్యాయం. మీ ఒప్పందానికి ఏ దేశ చట్టం వర్తిస్తుందో ఆ చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించాల్సిందే. తర్కం మాత్రం ఎక్కడైనా ఆలోచించదగినది. పద్ధతి మీరు చెబితే, ఆ పద్ధతి పనిచేస్తుందన్న పూచీ మీకు చుట్టుకుంటుంది. ఫలితం అడిగితే పూచీ కాంట్రాక్టర్‌ది. రెండూ అడిగితే ఎవరిదో తెలియదు. "ఫలానా పూతను ఫలానా మందంలో, ఫలానా విధంగా వేయాలి, పదేళ్లు చుక్క నీరు కారకూడదు" అని రాస్తే, కారిన రోజున కాంట్రాక్టర్ మొదటి సగం చూపిస్తాడు, యజమాని రెండో సగం చూపిస్తాడు.

స్థూలంగా నా అలవాటు ఇది. కంటికి కనిపించే పనులకు, కప్పేశాక చూడలేని పనులకు పద్ధతి రాస్తాను. లిఫ్టులు, ఎయిర్ కండిషనింగ్, అల్యూమినియం కిటికీల వంటి తయారై వచ్చే వ్యవస్థలకు ఫలితం రాస్తాను. మూలపదార్థాలకు ప్రమాణం చూపిస్తాను. బ్రాండు పేరు రాయక తప్పనప్పుడు ఏ లక్షణం కోసం ఆ పేరు రాశానో కూడా పక్కనే రాస్తాను.

ఆ లక్షణం ఎందుకు రాయాలో తెలియాలంటే న్యూయార్క్ అప్పీలు కోర్టు 1921లో తేల్చిన జేకబ్ అండ్ యంగ్స్ వర్సెస్ కెంట్ వ్యాజ్యం చూడాలి. 77,000 డాలర్లకు పైగా ఖర్చుతో కట్టిన ఇంట్లో ఇనుప పైపులన్నీ రీడింగ్ కంపెనీవే ఉండాలని స్పెసిఫికేషన్. ఇల్లు పూర్తయ్యాక చూస్తే కొన్ని పైపులు వేరే కర్మాగారాలవి. నాణ్యతలో తేడా లేదు, పేరులోనే తేడా. మార్చాలంటే గోడలు పగలగొట్టాలి. మార్చితీరాలని యజమాని పక్షం పట్టుపట్టింది, మిగిలిన బిల్లు కోసం బిల్డరు కోర్టుకెక్కాడు. న్యాయమూర్తులు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు చీలిపోయారు. అనుకోకుండా జరిగిన చిన్న తేడాకు పరిహారం పైపులు మార్చే ఖర్చు కాదని, విలువలో వచ్చిన తేడా మాత్రమేనని, అది దాదాపు శూన్యమని మెజారిటీ తీర్పు. యజమాని అడిగింది అడిగినట్టు ఇవ్వాల్సిందేనని మిగిలిన ముగ్గురి వాదన. స్పెసిఫికేషన్ రాసేవాడికి ఇందులో పాఠం ఉంది. ఆ పేరు మీకు నిజంగా అంత ముఖ్యమైతే ఎందుకు ముఖ్యమో, వేరేది వాడితే ఏం జరుగుతుందో ఒప్పందంలోనే చెప్పాలి. ముఖ్యం కాకపోతే పేరు తీసేసి లక్షణాలు రాయాలి.

4. వాక్యం వాక్యంగా రాయండి

పాత ఫైళ్ల నుంచి ఎడతెగకుండా దిగుమతి అయ్యే వాక్యం ఒకటి ఇలా ఉంటుంది:

"స్నానాలగదుల్లో మంచి నాణ్యత గల వాటర్‌ప్రూఫింగ్‌ను అనుభవజ్ఞులైన పనివారిచేత, ఇంజనీరుకు సంతృప్తి కలిగేలా, అవసరమైన చోటల్లా చేయించవలెను."

చదవడానికి నిండుగా ఉంది. కొలబద్ద పెట్టి చూడండి. మంచి నాణ్యతను ఏ పరికరం కొలుస్తుంది? అనుభవం ఎన్నేళ్లు? ఇంజనీరు మారితే సంతృప్తి మారదా? అవసరమైన చోటు ఏదో ఎవరు నిర్ణయిస్తారు? తక్కువ ధర వేసినవాడు ఒక పూత పూసి "అయింది" అంటాడు. నిజాయితీగా రెండు పూతలకు ధర కట్టినవాడు టెండరు పోగొట్టుకుంటాడు. అస్పష్టమైన వాక్యం యజమానిని రక్షించదు, నిజాయితీపరుడిని బయటకు పంపిస్తుంది.

అదే పనిని ఇలా రాయవచ్చు:

"స్నానాలగది నేల అంతటా, గోడల మీద పూర్తయిన నేల మట్టం నుంచి 300 మి.మీ. ఎత్తు వరకు, షవర్ ఉన్న గోడ మీద 2100 మి.మీ. ఎత్తు వరకు, ఆమోదం పొందిన సిమెంటు, పాలిమర్ మిశ్రమ పూతను కాంట్రాక్టర్ వేయాలి. పూత రెండు పొరలుగా ఉండాలి. రెండో పొరను మొదటిదానికి అడ్డ దిశలో వేయాలి. ఆరిన పూత మందం ఎక్కడా 1.5 మి.మీ.కి తగ్గకూడదు. నేల, గోడ కలిసే మూలల్లో, పైపుల చుట్టూ, నీరు పోయే జాలీ చుట్టూ బలపరిచే పట్టీని మొదటి పొరలో పొదగాలి. పూత ఆరాక జాలీని మూసి, నేలలో అన్నిటికన్నా ఎత్తైన చోట 25 మి.మీ. లోతు ఉండేలా నీరు నింపి 24 గంటలు నిలపాలి. కింది అంతస్తు సీలింగు మీద, పక్క గోడల మీద తడి కనిపించకూడదు. పరీక్ష గురించి 2 రోజుల ముందు యజమాని ప్రతినిధికి రాతపూర్వకంగా తెలపాలి. పరీక్ష నెగ్గినట్టు ఇద్దరి సంతకాలు అయ్యాకే టైల్స్ పని మొదలుపెట్టాలి. పరీక్ష తప్పితే మరమ్మతు ఖర్చు, మళ్లీ పరీక్ష ఖర్చు కాంట్రాక్టర్‌వి."

పొడవు పెరిగింది, నిజమే. కానీ ప్రతి వాక్యానికీ టేపుతోనో, కంటితోనో, సంతకంతోనో జవాబుంది. ఎత్తైన చోట 25 మి.మీ. అనడంలో అర్థముంది. నేలకు 100కు 1 వాలు ఉండి జాలీ 2 మీటర్ల దూరంలో ఉంటే, జాలీ దగ్గర లోతు 45 మి.మీ. అవుతుంది. లోతును జాలీ దగ్గర కొలవమని రాస్తే ఎత్తుగా ఉన్న మూల ఎండిపోయి పరీక్షకే అందదు.

మందం సంగతి ఇంకా ఆసక్తికరం. ఆరిన పూతను ప్రతిచోటా కోసి కొలవలేం. తయారీదారు సమాచార పత్రంలో ఆ మందానికి చదరపు మీటరుకు ఎన్ని కిలోలు పడుతుందో ఉంటుంది. అది 2 కిలోలు అనుకుంటే, మొత్తం పూత విస్తీర్ణం 10 చదరపు మీటర్లయితే 20 కిలోలు ఖర్చవ్వాలి. "ఖాళీ డబ్బాలను లెక్కించి నమోదు చేసేవరకు సైటు నుంచి తీసుకెళ్లకూడదు" అని ఒక్క వాక్యం చేర్చండి. ఖరీదైన పరికరాల కన్నా ఈ వాక్యం ఎక్కువ పని చేయించగలదు. మందం అంకెను మాత్రం సొంతంగా ఊహించకుండా మీరు ఆమోదించిన ఉత్పత్తి పత్రంతో సరిపోల్చుకోండి. 1.5 మి.మీ. అన్ని పూతలకూ వర్తించే అంకె కాదు.

రాసేటప్పుడు మరికొన్ని జాగ్రత్తలు. కర్తను దాచవద్దు. "పరీక్ష చేయబడును" అంటే ఎవరు చేస్తారు, ఎవరు డబ్బు కడతారు? ఒక వస్తువును పుస్తకమంతటా ఒకే పేరుతో పిలవండి. ఒకచోట గచ్చు, ఇంకోచోట ఫ్లోరింగ్, మరోచోట నేల ముగింపు అని రాస్తే అవి మూడు వేర్వేరు పనులని వాదించే మనిషి తప్పక పుడతాడు. "మొదలైనవి" అన్న మాటను ఫైలంతా వెతికి తీసేయండి. "మరియు/లేదా" కూడా అంతే.

అనుమతించే తేడా లేకుండా కొలత రాయడం సగం రాయడమే. "ప్లాస్టరింగ్ నున్నగా, సమంగా ఉండాలి" అనే బదులు "2 మీటర్ల సూటి పట్టీని ఏ దిశలో ఆనించినా గోడకు, పట్టీకి మధ్య సందు 3 మి.మీ. మించకూడదు" అనండి. అయితే అంకెను బిగించేముందు ఆ గోడ మీద ఏం వస్తుందో చూడండి. అల్మరాల వెనుక దాగే గోడకు 3 మి.మీ. పట్టుబడితే అనవసరపు ఖర్చు. పక్కనుంచి వెలుతురు పడే హాలు గోడకు 3 మి.మీ. కూడా ఎక్కువే కావచ్చు.

5. కాంక్రీటు అధ్యాయం దగ్గర ఆగి చూసుకోండి

నిర్మాణ భద్రత ఆధారపడిన అధ్యాయం ఇది. "25 మెగాపాస్కల్ కాంక్రీటు" (మెగాపాస్కల్ బలాన్ని కొలిచే యూనిట్) అన్న రాత పూర్తిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ 25 దేని మీద కొలిచినది? 150 మి.మీ. ఘనాకార నమూనా మీదా, 150 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. ఎత్తు ఉన్న స్తంభాకార నమూనా మీదా? ఒకే కాంక్రీటు స్తంభాకార నమూనాలో తక్కువ బలం చూపిస్తుంది, సుమారుగా ఘనాకారపు బలంలో 80 శాతం. భారతీయ ప్రమాణంలో ఎం25 అంటే ఘనాకారపు బలం. అమెరికా కాంక్రీటు సంస్థ (ఏసీఐ) పద్ధతిలో పేర్కొనే బలం స్తంభాకార నమూనాది. ఐరోపా ప్రమాణం ఈ గొడవ లేకుండా రెండూ రాస్తుంది. సి25/30 అంటే స్తంభాకారానికి 25, ఘనాకారానికి 30. డిజైన్ ఒక దేశపు ప్రమాణంతో, పరీక్ష మరో దేశపు అలవాటుతో జరిగే ప్రాజెక్టులో ఈ ఒక్క మాట వదిలేస్తే కట్టడంలో అయిదో వంతు బలం కాగితం మీదే కరిగిపోతుంది.

బలంతో పాటు వయసు రాయాలి, సాధారణంగా 28 రోజులు. ఆ కట్టడం ఏ వాతావరణానికి గురవుతుందో, దానికి తగినట్టు సిమెంటుకు నీటి గరిష్ఠ నిష్పత్తి ఎంతో, కంకర గరిష్ఠ పరిమాణం, పోసేటప్పటి స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) ఎంతో ఉండాలి. కడ్డీల మీద కవర్ (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) నక్షలో ఉంటే ఇక్కడ మళ్లీ రాయకుండా, కవర్ దిమ్మెలు దేనితో చేయాలో మాత్రం రాయండి. "మిశ్రమం ప్లాంటు నుంచి బయలుదేరాక అందులో నీరు కలపకూడదు" అన్న వాక్యం విడిగా, ఒంటరిగా ఉండాలి. పేరా మధ్యలో దాగితే ఎవరూ చదవరు. క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) ఎన్ని రోజులో, ఏ విధంగానో చెప్పండి. "తగినంత క్యూరింగ్" అని రాస్తే తొలిరోజు సాయంత్రం ఒకసారి నీళ్లు చల్లినా తగినంతే.

నమూనాలు ఎన్ని ఘనమీటర్లకు ఒకటి తీయాలో, ఎక్కడ తీయాలో, ఏ ప్రయోగశాలకు పంపాలో రాశాక చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు గొడవ ఆ తర్వాతే. ఫలితం తక్కువ వస్తే? కట్టిన కాంక్రీటు నుంచి కోర్లు (తొలిచి తీసిన గుండ్రటి ముక్కలు) తీసి పరీక్షించడం వాడుకలో ఉన్న మెట్టు. కోర్ల సగటు నిర్దేశిత బలంలో కనీసం 85 శాతం, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకుండా ఉంటే ఆ భాగాన్ని అంగీకరించవచ్చని భారతీయ, అమెరికన్ ప్రమాణాలు రెండూ చెబుతాయి. కోర్లు ఎవరు తీయిస్తారు, రంధ్రాలు దేనితో పూడుస్తారు, అక్కడా తప్పితే కూల్చాలా, బలపరచాలా, ధర తగ్గించాలా, ఆ నిర్ణయం ఎవరిది, ఆలోగా పైఅంతస్తు పోయవచ్చా అన్నవి ముందే రాయండి. తప్పిన ఫలితం చేతిలో పట్టుకుని నియమాలు రాయడానికి కూర్చుంటే ఎవరూ ఒప్పుకోరు.

ఇంకొక మాట. కనీస సిమెంటు ఇంత, నిష్పత్తి ఇంత, స్లంప్ ఇంత, బలం ఇంత, ఏ మిశ్రమ రసాయనమూ వాడకూడదు అని అన్నీ బిగించేస్తే, అవన్నీ కలిసి సాధ్యమో కాదో నిరూపించాల్సిన భారం రాసినవాడిది అవుతుంది. అవసరమైన హద్దులు ఇచ్చి, మిశ్రమ నిష్పత్తులు కాంట్రాక్టర్ సమర్పించేలా, ప్రయోగ మిశ్రమంతో నిరూపించేలా రాయడం మేలు.

6. ప్రమాణాలను చదివాకే పేర్కొనండి

ప్రమాణం సంఖ్య రాస్తే వంద పేజీలు ఒక్క పంక్తిలో ఒప్పందంలోకి వచ్చేస్తాయి. అందులోని సదుపాయమూ అదే, ఉచ్చూ అదే. సంవత్సరం లేని ప్రమాణం ఏ కూర్పుదో తెలియదు. "టెండరు దాఖలు గడువు నాటికి అమలులో ఉన్న కూర్పు, దాని సవరణలతో సహా" అని మొదటి అధ్యాయంలో ఒక్కసారి రాస్తే మిగతా అంతటా వర్తిస్తుంది. చాలా ప్రమాణాల్లో కొన్ని అంశాలను "కొనుగోలుదారుకు, సరఫరాదారుకు మధ్య ఒప్పందం మేరకు" అని వదిలేస్తారు. తరగతి, మందం, పూత బరువు, రంగు వంటివి ఆ ఖాళీల్లో ఉంటాయి. వాటిని నింపాల్సింది మీరే. నింపకపోతే అన్నిటికన్నా చవకైన తరగతి సైటుకు వస్తుంది, అదీ ప్రమాణం ప్రకారమే.

7. నమూనాలు, ఆగాల్సిన చోట్లు

సమర్పించాల్సిన కాగితాల జాబితా పొడవుగా ఉంటే రెండు పక్షాలూ దాన్ని లాంఛనంగా మార్చేస్తాయి. నిజంగా చదివేవే అడగండి. చదివి జవాబివ్వడానికి ఎన్ని రోజులో రాయండి. ఆమోదం ముద్ర పడినంత మాత్రాన స్పెసిఫికేషన్‌కు భిన్నమైన వస్తువుకు అనుమతి దొరికినట్టు కాదని, భిన్నంగా ఉన్నదాన్ని కాంట్రాక్టర్ విడిగా ఎత్తిచూపాలని తప్పక చెప్పండి.

రంగు, పొందిక, ముగింపు వంటి వాటిని మాటల్లో పట్టుకోవడం కష్టం. అక్కడ ఒక నమూనా గదో, రెండు చదరపు మీటర్ల నమూనా గోడో కట్టించి, ఇద్దరూ సంతకం చేసి, పని పూర్తయ్యేవరకు చెరపకుండా ఉంచండి. అదే కొలమానం.

కప్పేశాక కనిపించని పనులకు ఆగాల్సిన చోట్లు పెట్టండి: పునాది గొయ్యి అడుగు, కాంక్రీటు పోసేముందు కడ్డీలు, ప్లాస్టరింగ్‌కు ముందు గోడలోని పైపులకు పీడన పరీక్ష, టైల్స్‌కు ముందు వాటర్‌ప్రూఫింగ్. పిలిచినా ప్రతినిధి రాకపోతే ఏమవుతుందో కూడా న్యాయంగా రాయండి. గడువు దాటాక ఫోటోలు తీసుకుని పని కొనసాగించవచ్చని, అనుమానంతో తర్వాత తెరిపించినప్పుడు పని సరిగా ఉంటే ఆ ఖర్చు యజమానిదని, సరిగా లేకపోతే కాంట్రాక్టర్‌దని.

8. "లేదా సమానమైనది" అన్న మాటకు తాళం వేయండి

ఈ రెండు మాటల మీద జరిగినన్ని వాదనలు బహుశా మరే మాట మీదా జరగవు. సమానమని ఎవరు తేలుస్తారు, ఏ లక్షణాల్లో సమానం, నిరూపణ భారం ఎవరిది, అడగడానికి గడువు ఎప్పటివరకు, ధర తగ్గితే ఆ ఆదా ఎవరికి, దాని కోసం మరో పనిలో మార్పు వస్తే ఖర్చు ఎవరిది? ఒక పంపును మరో పంపుతో మారిస్తే దిమ్మె కొలత, తీగ మందం, స్విచ్చు సామర్థ్యం అన్నీ మారవచ్చు. అడిగినవాడే ఆ ఖర్చు భరించాలని రాస్తే అనవసరపు విన్నపాలు వాటంతటవే తగ్గుతాయి.

9. కొలత, చెల్లింపులతో ముడి వేయండి

పరిమాణాల పట్టికలోని ప్రతి పంక్తికీ ఒక అధ్యాయం, ప్రతి అధ్యాయానికీ కనీసం ఒక పంక్తి ఉండాలి. పంక్తి లేని పనులు, అంటే పరంజా, వ్యర్థాల తరలింపు, పరీక్షలు, నమూనా గది వంటివి, ఏ ధరలో కలిసి ఉన్నాయో చెప్పండి. ప్లాస్టరింగ్ కొలతలో కిటికీ ఖాళీలను తీసేస్తారా, ఎంత పెద్ద ఖాళీ నుంచి తీసేస్తారు, ఖాళీ అంచుల లోపలి ముఖాలను విడిగా కొలుస్తారా? ఇవి చిన్న విషయాలే. ఆఖరి బిల్లులో మాత్రం పెద్దవవుతాయి.

10. టెండరుకు ముందు కొత్త కళ్లతో చదివించండి

రాసినవాడికి తన రాతలో ఖాళీలు కనిపించవు. నక్షల కట్ట పక్కన పెట్టుకుని మరో మనిషి చదవాలి. నక్షలోని ప్రతి పదార్థం పేరుకూ అధ్యాయం ఉందా? అధ్యాయంలోని ప్రతి వస్తువూ నక్షలో ఎక్కడైనా ఉందా? రెండు అంతస్తుల భవనం స్పెసిఫికేషన్‌లో లిఫ్టు గొయ్యి వాటర్‌ప్రూఫింగ్ కనిపించిందంటే అది పాత ఫైలు నుంచి వచ్చిన అతిథి. అలాంటి అతిథి ఒకటి దొరికితే చాలు, కాంట్రాక్టర్ మిగతాది కూడా శ్రద్ధగా చదవడం మానేస్తాడు.

టెండరు వేసేవారు అడిగిన ప్రశ్నలకు ఒకరికి ఫోనులో జవాబు చెప్పకండి. ప్రశ్న, జవాబు రెండూ అనుబంధంగా అందరికీ పంపి, దానికి సంఖ్య, తేదీ వేసి ఒప్పందంలో చేర్చండి. వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే అధ్యాయం చుట్టూ తిరుగుతుంటే ఆ అధ్యాయాన్ని మళ్లీ రాయండి.

చిన్న ఇంటికి ఇంత తతంగం అక్కర్లేదు. ఎనిమిది, పది పేజీలు చాలు. కాంక్రీటు, కడ్డీలు, గోడలు, వాటర్‌ప్రూఫింగ్, ప్లంబింగ్, విద్యుత్తు, ముగింపు పనులు, ఒక్కోదానికి పదార్థం, పద్ధతి, పరీక్ష. పేజీలు తగ్గించండి, అంకెలు తగ్గించవద్దు.

11. సైటుకు చేర్చండి

సంతకాలయ్యాక స్పెసిఫికేషన్ బీరువాలోకి వెళ్లిపోవడం మామూలే. దాన్ని బయటకు లాగే మార్గం, ఒక్కో పని మొదలయ్యే ముందు ఆ అధ్యాయం నుంచి ఒక పేజీ తీసి, ఆ పని చేసే మేస్త్రీకి అర్థమయ్యే భాషలో, అంకెలు పెద్దగా కనిపించేలా ఇవ్వడం. మేస్త్రీతో కూర్చుని ఆ పేజీ చదివితే కొన్నిసార్లు ఆయనే "ఇది ఇలా కుదరదు" అని చెబుతాడు. అది వినదగిన మాట. కుదరనిదైతే రాతపూర్వక మార్పు జారీ చేయండి. నోటిమాటతో సడలించిన నియమం తర్వాత అన్ని గదులకూ సడలినట్టే.

తనిఖీ పత్రం కూడా స్పెసిఫికేషన్ వాక్యాల నుంచే తయారుకావాలి. పత్రంలో "వాటర్‌ప్రూఫింగ్ సరిగా ఉంది: అవును, కాదు" అని ఉంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. "నీరు నిలిపిన సమయం, తీసిన సమయం, ఎత్తైన చోట లోతు, ఖాళీ డబ్బాల సంఖ్య" అని ఉండాలి. తేడా దొరికితే స్పెసిఫికేషన్ పేరా సంఖ్యతో సహా నోటీసు ఇవ్వండి. సంఖ్య రాయలేకపోతున్నారంటే ఆ నియమం ఒప్పందంలో లేదని అర్థం. అప్పుడు అది కాంట్రాక్టర్ తప్పు కాదు, అదనపు పని.

పని ముగిశాక నిజంగా వాడిన ఉత్పత్తుల జాబితా, బ్యాచ్ సంఖ్యలు, పరీక్ష ఫలితాలు, వారంటీ పత్రాలు, నిర్వహణ సూచనలు ఒక కట్టగా తీసుకోండి. వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, ఇచ్చేది తయారీదారా, పనివాడా, ఇద్దరూ కలిసా, పదార్థం మార్చడమేనా, తవ్వి మళ్లీ వేసే కూలి కూడా అందులో ఉందా అన్నది చూసుకోండి. ఈ కట్ట అందేవరకు ఆఖరి బిల్లులో ఎంత శాతం ఆపుతారో మొదటి అధ్యాయంలోనే అంకెగా రాసి ఉంచండి.